డిక్కీలో ముగ్గురాయి

ఎండకు పేరుబడిన ఊరు మాది.
కడపలో చలికాలమంటే
కడపోళ్ళే నవ్వుతారు.
కానీ తుపాను ఎక్కడో తీరం దాటి
తన తడిగుడ్డను మా కొండల మీద ఆరేసిపోయిన డిసెంబరులో
తెల్లారి ఐదున్నరకు
గువ్వలచెరువు ఘాటు ఎలా ఉంటుందో
పరదేశపు కారుకు తెలీదు.

పసుపు రంగుది. రెండే సీట్లు.
ఇంజను ముందర, తోపు వెనక.
మంగంపేట గనుల కాంట్రాక్టరుది.
మూడు వారాలు మా షెడ్డులో క్లచ్చు విప్పుకొని పడుకొని
ఈ పొద్దు రాయచోటి పోవాలి, పెళ్ళికి.
"నువ్వా తోలుకొచ్చేది?" అన్నాడాయన ఫోన్లో.
"క్లచ్చు బిగించింది కూడా నేనే సార్" అన్నాను.

నాయన తోడొస్తానన్నాడు.
ముప్పై ఒక్క ఏడు లారీ తోలిన దస్తగిరి
మంకీ క్యాపు పెట్టుకొని కారు చుట్టూ తిరిగి
వంగి కిందికి చూసి
"ఇది యెనక నుంచి తోసే బండి" అన్నాడు
దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.
"మీ కార్లన్నీ ముందర నుంచి లాగేటివి.
లాగేదాని యెంట ఎవురైనా పోతారు.
తోసేదాన్ని నమ్మాలంటే
యెనక బరువుండాల మే."
షెడ్డు తలుపుకు అడ్డం పెట్టే ముగ్గురాయి గడ్డలు
రెండు యూరియా సంచులకెత్తి
డిక్కీలో దించాడు.
చూపుకు చిన్నది ముగ్గురాయి,
ఎత్తినోడి నడుముకు తెలుస్తుంది.
కారు వేలెడు కుంగింది.

సీట్లో కూలబడి గొణిగాడు:
"పీట గూడా ఎయ్యకుండా కింద కూచోబెట్నారే."
లోకాన్నంతా క్యాబిన్ ఎత్తు నుంచి చూసినవాడికి
ఎదురొచ్చే టెంపో చక్రాలు
ఇప్పుడు కళ్ళెత్తున.

మూడో మలుపు దాకా మాటల్లేవు.
మంచు కాదు, వానా కాదు,
ఎవరో పైన గోనెసంచి దులుపుతున్నట్టు తుంపర.
వేసవికి చేసిన టైర్లు
చలికి బిగుసుకొని రోడ్డుతో మాట్లాడటం మానేశాయి.
సిమెంటు లారీలు కార్చిన డీజిలు
తడి మీద నెమలికన్నులు పెట్టుకొని కూర్చుంది.
అందంగానే ఉంది.
అరక్షణం చూశాను.
ఆ అరక్షణం నా కుడికాలు
ఎవరినీ అడక్కుండా నొక్కింది.

తోక ఎడమకు పోయింది.
రోడ్డు పక్కకు జరిగి
అద్దం నిండా లోయ.

బ్రేకు, బ్రేకు అని ఒళ్ళంతా అరుస్తుంది.
తొక్కలేదు.
కాలు ఎత్తాను, కొంచెమే,
పాలు పొంగుతుంటే మంట తగ్గించినంత.
తోక ఎటు పోతే స్టీరింగు అటే తిప్పాను,
జారేవాడి చెయ్యి విడిపించుకోకుండా
వాడితో రెండడుగులు వేసినట్టు.
చూపు మాత్రం లోయకివ్వలేదు.

డిక్కీలో రాళ్ళు ఒకసారి కదిలి
మళ్ళీ కూర్చున్నాయి.
కారూ కూర్చుంది.

"రెండులోనే రా" అన్నాడు నాయన.
అంతే.

గువ్వలచెరువులో కోవా అంగడి అప్పుడే తెరుస్తున్నారు.
పావు కిలో కట్టించుకొని
ఆకు మీద సగం తిన్నాక చెప్పాడు:
"తొంభయ్యారులో నేనూ జారినా, ఆ మలుపులోనే.
శనక్కాయల లోడు. మీయమ్మకు చెప్పలా."
వేళ్ళు నాకి,
"నువ్వూ చెప్పగాకు."
ఏది చెప్పకూడదో, ఆయనదా నాదా,
అడగలేదు.

రాయచోటిలో పెట్టెలు పెట్టబోయి
డిక్కీ తెరిచిన పెళ్ళికొడుకు ఉలిక్కిపడ్డాడు.
"ఏంటీ రాళ్ళు?"
"మీ గనివే సారూ" అన్నాడు నాయన,
"తిరిగొచ్చినాయి."

తాళం ఇచ్చే ముందు లోపల తుడవాలని వంగాను.
నాయన కూర్చున్న వైపు మ్యాటు మీద,
బ్రేకు లేని చోట,
ఎర్రమట్టి కుడిపాదం ఒకటి
మడమ దాకా దిగి ఉంది.

పెళ్ళి బండి కదా, తుడిచేశాను.
రెండుసార్లు తుడవాల్సొచ్చింది.